ఒక రేవుకు చేర్చలేని నత్తగుల్లలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర జీవవైవిధ్య మండళ్లకు బహిరంగ లేఖ



తొలకరి పడగానే నత్తల వార్తలు మొదలవుతాయి. తోటల్లో, నర్సరీల్లో, కూరగాయల మళ్లలో రాత్రికి రాత్రే ఆకులు జల్లెడలైపోయాయనీ, ఇంటి గోడలకు అరచెయ్యంత నత్తలు పాకుతున్నాయనీ రైతులు మొత్తుకుంటారు. ఆ వార్తల్లో ఉండే నత్త మనది కాదు, తూర్పు ఆఫ్రికాది. దాన్ని అదుపు చేయాల్సిందే. ఆ విషయంలో నాకు రెండో మాట లేదు, ఈ లేఖ దాని తరఫు వకాల్తా కాదు. అదే చెట్టు మొదట్లో, అదే రాలిన ఆకుల కింద ఆవగింజంత మొదలు రేగుపండంత దాకా ఉండే మన సొంత నేలనత్తలు కొన్ని బతుకుతున్నాయి. వాటి కోసం రాస్తున్నాను. నా మనవి ఒక్కటే. ఆఫ్రికా నత్త మీద పెద్ద ఎత్తున ఏ చర్య తలపెట్టినా, ముఖ్యంగా దాన్ని తినే మరో జీవిని తెచ్చి వదులుతామని ఎవరైనా మీ దగ్గరికి వచ్చినా, ఆ ఊళ్లో, ఆ కొండ మీద ఏయే స్థానిక నత్తలున్నాయో ముందు పట్టిక చూపించమని అడగండి. పట్టిక లేకపోతే అది తయారయ్యే దాకా ఆ పని ఆపండి.

నత్తగుల్లలన్నీ ఒక రేవున, ముత్యపు చిప్పలన్నీ ఒక రేవున అని మనకో సామెత ఉంది. మనుషుల గురించి చెప్పిన ఆ మాటను ప్రభుత్వాలు నత్తల విషయంలో అక్షరాలా పాటించాయి. నత్త అంటే నత్తే అనుకున్నాయి. అందువల్ల ఏం జరిగిందో పసిఫిక్ మహాసముద్రంలోని సొసైటీ దీవుల్లో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. తాహితీ, దాని పక్కనే మోరేయా, ఇంకాస్త పడమట రాయియాతేయా, హువాహినే, బోరా బోరా, అన్నీ ఫ్రెంచి పాలినేషియాలోని దీవులే. వాటి లోయల్లో పార్టులా అనే ప్రజాతికి చెందిన నత్తలు ఉండేవి. చిటికెన వేలి గోరంత గుల్ల, మహా అయితే రెండు సెంటీమీటర్ల పొడవు. పగలంతా ఆకుల వెనక అంటుకుని ఉండి, చీకటి పడ్డాక కదిలి, ఆకుల మీది బూజునూ నాచునూ, కుళ్లుతున్న ఆకునూ గీరుకుని తినేవి. పచ్చటి పంటతో వాటికి పనిలేదు. చాలా నత్తల్లా గుడ్లు పెట్టి వదిలేయవు. గుడ్డు తల్లి కడుపులోనే పొదిగి, గుల్లతో సహా తయారైన పిల్ల బయటికొస్తుంది. ఒక్కో కాన్పుకు ఒక్కటే పిల్ల, మళ్లీ కొన్ని వారాలకు ఇంకొకటి. ఈ ఒక్క సంగతిని గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. ఆఫ్రికా నత్త ఒక్క విడతలో వందకు తక్కువ కాకుండా గుడ్లు పెట్టగలదు, అలాంటి విడతలు ఏడాదిలో పలుమార్లు వస్తాయి. మనిషి చేతిలో దెబ్బతిన్నాక ఈ రెండింటిలో ఏది తేరుకుంటుందో చెప్పడానికి పెద్ద లెక్కలేమీ అక్కర్లేదు.

ఇంత చిన్న ప్రాణి మీద శాస్త్రవేత్తలు జీవితాలు ధారపోశారు. అమెరికాకు చెందిన హెన్రీ క్రాంప్టన్ 1906లో మొదలుపెట్టి ఆ దీవుల లోయలన్నీ కాలినడకన తిరిగి, వేల గుల్లలు కొలిచి, తాహితీ మీద 1916లోనూ మోరేయా మీద 1932లోనూ బృహద్గ్రంథాలు వెలువరించాడు. ఒక లోయలో ఉన్న రంగు, చార పక్క లోయలో ఉండదు. నడుమ ఉన్న గుట్ట మనిషికి గంట నడక, నత్తకు మాత్రం అది దాటలేని సముద్రం. అందుకే లోయకో రూపం, దీవికో జాతి. 1960ల నుంచి బ్రయాన్ క్లార్క్, జేమ్స్ మర్రే, మైకేల్ జాన్సన్ ఆ పని అందుకున్నారు. మోరేయాలో పార్టులా సుటురాలిస్ అనే జాతి గుల్ల కొన్ని చోట్ల కుడికి, కొన్ని చోట్ల ఎడమకు తిరిగి ఉండేది. కుడికి తిరిగిన దగ్గరి బంధువు పక్కన ఉన్నచోట ఇది ఎడమకు తిరిగేది. గుల్లల తిరుగుడు కలవకపోతే నత్తలకు జత కట్టడం కష్టం. అంటే రెండు జాతులు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా ఆ తిరుగుడే అడ్డుగోడలా పనిచేసిందన్నమాట. కొత్త జాతి ఎలా ఏర్పడుతుందన్న ప్రశ్నకు ప్రకృతి చెట్టుకొమ్మ మీద రాసిపెట్టిన జవాబు అది. (దక్షిణావర్త శంఖానికి ఎంత డబ్బయినా పోసేవాళ్లున్న దేశం మనది. గుల్ల ఎటు తిరిగిందన్నది చిన్న విషయం కాదని మనకు వేరే చెప్పాలా!)

ఆ దీవుల్లోకి ఆఫ్రికా నత్త వచ్చింది. తాహితీకి 1967లో చేరి, తోటల మీద పడింది. అప్పటికే హవాయి చూపిన దారి ఒకటి ఉంది. అక్కడ 1955లో ఫ్లోరిడా ప్రాంతపు మాంసాహార నత్త యూగ్లాండినా రోజియాను తెచ్చి వదిలారు. అమెరికాలో దానికి తోడేలు నత్త అని పేరు, ఆ పేరుకు అది అన్ని విధాలా తగినదే. తాహితీ అధికారులు 1974లో దాన్ని తెచ్చారు, 1977లో మోరేయాలో వదిలారు. రసాయనాలు లేవు, ఖర్చు తక్కువ, ప్రకృతే ప్రకృతిని సరిచేస్తుంది. కాగితం మీద చదివితే ఈ రోజుకీ ఎవరైనా సంతకం పెట్టేంత ముచ్చటైన పథకం. తోడేలు నత్త మోరేయాలో ఏడాదికి కిలోమీటరుకు పైగా ముందుకు సాగింది. అది అడుగుపెట్టిన లోయలో పార్టులాలు మాయమయ్యాయి. క్లార్క్, మర్రే, జాన్సన్ 1984లో ఒక పరిశోధన పత్రంలో పెద్దగా హెచ్చరించారు. జీవ నియంత్రణ పేరుతో జరుగుతున్న పని స్థానిక జాతుల్ని తుడిచిపెడుతోందని రాశారు. 1987 నాటికి మోరేయాలోని ఏడు పార్టులా జాతుల్లో ఒక్కటీ అడవిలో కనిపించలేదు. తర్వాత ఒకటి రెండు మూలల్లో కొద్ది శేషాలు బయటపడ్డాయి, అంతే. పరిశోధకులు హెచ్చరించినా అదే నత్త రాయియాతేయాకూ చేరింది. ముప్పైకి పైగా జాతులకు అదొక్క దీవే ఇల్లు. అవీ అలాగే పోయాయి.

ఆఫ్రికా నత్తను తినమని తెస్తే ఇది పార్టులాను ఎందుకు తిన్నట్టు? మీరు గట్టిగా పట్టుకోవాల్సిన ప్రశ్న ఇదేనని నా ఉద్దేశం, ఎందుకంటే ఇలాంటి పథకాలన్నీ తడబడేది ఇక్కడే. తోడేలు నత్త వేటాడేది వాసనతో. నేల మీద జిగురు చార తగిలితే చాలు, మూతికి రెండు వైపులా ఉండే మీసాల్లాంటి పెదవులతో దాన్ని పసిగట్టి, ఆ చార వెంట కొసదాకా పోతుంది. చెట్టెక్కుతుంది, అవసరమైతే నీళ్లలోకీ దిగుతుంది. ఆ జిగురు వదిలింది దేశవాళీదా పరదేశిదా అన్న తేడా దానికి తెలియదు. తెలిసేది పరిమాణం ఒక్కటే. ఎదిగిన ఆఫ్రికా నత్త దానికంటే ఎన్నో రెట్లు పెద్దది, గట్టిది. గోరంత పార్టులానయితే గుల్లతో సహా మింగేయవచ్చు, సున్నం కూడా దక్కుతుంది. తేలిగ్గా దొరికే ముద్దను వదిలి కష్టమైన దాని మీదికి ఏ వేటజంతువూ పోదు. చివరికి తేలిందేమిటి? ఏ నత్తను చంపడానికి దాన్ని తెచ్చారో ఆ నత్త తోడేలు నత్త వల్ల అదుపులోకి వచ్చిందనడానికి నమ్మదగిన ఆధారం దొరకలేదు. ఎవరికీ అడ్డురాని నత్తలు మాత్రం అంతరించాయి. ప్రపంచంలోని వంద అత్యంత ప్రమాదకర చొరబాటు జీవుల పట్టికను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య వెలువరించినప్పుడు అందులో రోగమూ మందూ రెండూ చేరాయి, ఆఫ్రికా నత్తా, తోడేలు నత్తా.

ఇక అభ్యంతరాల సంగతి. అది దీవుల కథ, మనది ఉపఖండం, ఇక్కడి జీవులు వేటగాళ్ల మధ్య పెరిగినవి, అంత తేలిగ్గా అంతరించవు అని మీ నిపుణుల్లో ఎవరైనా అనవచ్చు. ఇందులో సగం నిజం ఉంది, ఆ సగాన్ని నేను కాదనను. పార్టులాలు అలాంటి శత్రువును ఎన్నడూ ఎరగవు. మన నత్తలు పురుగుల్నీ, పక్షుల్నీ, మాంసాహార నత్తల్నీ చూసినవే. కానీ నేలనత్తకు సంబంధించినంత వరకూ దీవి అంటే చుట్టూ నీళ్లుండాలని లేదు. చెమ్మ తగ్గితే అది కదలదు. ఎండ ముదిరితే గుల్ల నోటికి పలచటి పొరతో మూత వేసుకుని నెలల తరబడి పడుకుంటుంది. ఏడాదిలో అది నడిచేది వానరాత్రుల్లోనే, ఆ నడిచేదీ నత్తనడకే. చుట్టూ ఎండిన మైదానం ఉన్న ఒక తడి కొండ, దేవర అడవిగా మిగిలిన నాలుగెకరాల చెట్లు, ఒక సున్నపురాతి గుట్ట, నత్తకు ఇవే దీవులు. భారతదేశంలో సుమారు 1,100 నేలనత్త జాతులు నమోదయ్యాయి. పడమటి కనుమల్లో తెలిసిన సుమారు 270 జాతుల్లో నాలుగింట మూడొంతులు మరెక్కడా లేనివి. తూర్పు కనుమలను ఆ స్థాయిలో ఎవరూ గాలించలేదు. నల్లమల, శేషాచలం, పాపికొండలు, మారేడుమిల్లి, అరకు అడవుల్లో రాలిన ఆకును గుప్పిట పట్టి జల్లించి చూసినవాళ్లు చాలా తక్కువ. మన జాబితాలకు ఈ నాటికీ పునాది బ్లాన్‌ఫర్డ్, గాడ్విన్-ఆస్టెన్, గూడ్‌లు 1908 నుంచి 1921 దాకా వెలువరించిన మూడు సంపుటాలే. వందేళ్ల కిందటి పుస్తకం చేతిలో పట్టుకుని మాకు నష్టం లేదని ధీమాగా చెప్పలేం. చెప్పాలంటే ముందు వెతకాలి.

ఈ సందర్భంలో ఒక చిత్రమైన సంగతి చెప్పాలి. ఆఫ్రికా నత్త మన దేశంలో అడుగుపెట్టింది 1847లో. మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చినవాడు విలియం బెన్సన్. అక్కడి నుంచి అవి చౌరంగీలోని ఒక తోటలోకి చేరాయి. ఈ బెన్సన్ నత్తలంటే ఏమిటో తెలియని దొర కాదు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉంటూ భారతదేశపు నేలనత్తల జాతుల్ని ఎన్నింటినో మొదటిసారి వర్ణించి పేర్లు పెట్టిన ఆ కాలపు పండితుడు. స్థానిక నత్తల గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవాడి చేతి మీదుగానే పరాయి నత్త దిగింది. తెలివి ఉన్నంత మాత్రాన జాగ్రత్త దానంతటది రాదు. అనుమతికి ముందు కాగితం అడగాలని నేను పట్టుబట్టేది అందుకే.

రెండో అభ్యంతరం కాస్త మెత్తనిది. అంతరించే జాతిని జంతు ప్రదర్శనశాలలో పెంచి, తర్వాత అడవికి పంపవచ్చు కదా, పార్టులాలను అలాగే కాపాడారు కదా అని. కాపాడారు, నిజమే. ఎంత కష్టపడి కాపాడారో కూడా తెలుసుకోవాలి. లండన్, ఎడిన్‌బరో, బ్రిస్టల్ సహా ఐరోపా, అమెరికాల్లోని పదికి పైగా జంతు ప్రదర్శనశాలలు దశాబ్దాలుగా చిన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో ఈ నత్తల్ని పెంచుతున్నాయి. ఓట్స్ పిండి, ఎండిన దురదగొండి ఆకు పొడి, చేపల మేత, కటిల్‌ఫిష్ ఎముక పొడి కలిపి ముద్ద పెడతారు. ఇంత చేసినా చేజారినవి ఉన్నాయి. పార్టులా టర్జిడా జాతిలో చివరి నత్త 1996 జనవరిలో లండన్‌లో చనిపోయింది, ఒక సూక్ష్మ పరాన్నజీవి ఆ జాతిని మింగేసింది. కెప్టెన్ కుక్ నౌకాయాత్రలో 1769లో సేకరించిన తొలి పార్టులా జాతి ఫాబా. దాని ఆఖరి ప్రాణి 2016లో ఎడిన్‌బరోలో పోయింది. 1994లో మోరేయా అడవిలో ఉప్పు కాలువ, విద్యుత్ తీగ పెట్టి ఒక చిన్న ఆవరణ కట్టి కొన్నిటిని వదిలితే, తోడేలు నత్త ఆ ఆవరణలోకీ దూరింది. 2015 నుంచి మళ్లీ వేల సంఖ్యలో విడుదల చేస్తున్నారు. రాత్రిపూట వెతికితే మెరిసేలా ఒక్కో గుల్ల మీద రంగు చుక్క పెట్టి మరీ వదులుతున్నారు. 2024లో మోరేయాలో పార్టులా తోహివేయానా జాతిలో చుక్క లేని పెద్ద నత్తలు కనబడ్డాయి. అంటే అవి అడవిలో పుట్టి అడవిలో పెరిగినవి. అడవిలో అంతరించినది అన్న వర్గంలోంచి ఆ జాతిని తీవ్ర ప్రమాదంలో ఉన్నది అన్న వర్గానికి మార్చారు. నలభై ఏళ్లు, రెండు ఖండాల సంస్థలు పనిచేస్తే దక్కిన ఫలం అది. అదీ ముందే పేరు తెలిసి, ముందే గుల్లలు కొలిచి పెట్టిన జాతి కాబట్టి దక్కింది. మన కొండల్లో పేరే పెట్టని నత్తను ఏ డబ్బాలో పెంచుతాం? హవాయిలో 750కి పైగా నేలనత్త జాతులు ఉండేవి. అందులో ఒక జాతిలో మిగిలిన చివరి నత్తకు జార్జ్ అని పేరు పెట్టి ప్రయోగశాలలో ఒంటరిగా సాకారు. 2019 జనవరి 1న అది చనిపోవడంతో అకాటినెల్లా అపెక్స్‌ఫల్వా జాతే ముగిసింది.

పార్టులాల్లో కొన్ని తమంతట తాము బతికి బయటపడ్డాయి. ఎలా బయటపడ్డాయో చూస్తే స్థానిక జాతిని తెలుసుకోవడం ఎంత పనికొచ్చే జ్ఞానమో అర్థమవుతుంది. తాహితీలో తెల్ల గుల్ల ఉన్న పార్టులా హయాలినా చాలా లోయల్లో మిగిలింది. ముదురు గుల్ల బంధువులు పోయినచోట ఇదెందుకు మిగిలిందని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెతికారు. వెలుతురును కొలిచే, కొన్ని మిల్లీమీటర్ల పొడవున్న కంప్యూటర్లను తోడేలు నత్తల గుల్లలకు అంటించారు, తెల్ల నత్తలు కూర్చునే ఆకుల పక్కనా పెట్టారు. 2021లో వెలువడిన ఫలితం ప్రకారం తెల్ల నత్తలు ఉండే అడవి అంచుల్లో ఎండ పదింతలకు పైగా ఎక్కువ. తెల్ల గుల్ల ఆ వేడిని తిప్పికొడుతుంది, తోడేలు నత్త అక్కడికి వస్తే ఎండిపోతుంది. కనుక ఆ జాతిని కాపాడాలంటే కంచె అక్కర్లేదు, అడవి అంచున ఆ ఎండ పడే చెట్లను కొట్టకుండా ఉంచితే చాలు. జాతి ఏదో, దాని గుల్ల రంగు ఏదో, అది ఏ చెట్టు మీద కూర్చుంటుందో తెలిస్తే ఒక్కోసారి రక్షణ ఇంత చవకగా దొరుకుతుంది.

మూడోది, అందరూ మనసులో అనుకుని పైకి అనని మాట: పోతే పోనీ, నత్తతో ఏం పని? దీనికి డచ్ అడవుల్లో ఒక జవాబు దొరికింది. 1980లలో అక్కడ కొన్ని అడవుల్లో టిట్ పిట్టలు పెంకు పలచబడ్డ గుడ్లు, పెంకే లేని గుడ్లు పెట్టసాగాయి. గ్రావ్‌లాండ్ అనే పరిశోధకుడి బృందం కారణం వెతికింది. ఆమ్ల వర్షాల వల్ల నేలలో కాల్షియం కరిగిపోయింది, కాల్షియం లేక నత్తలు తగ్గాయి, గుడ్డు పెంకుకు కావాల్సిన సున్నాన్ని నత్తగుల్లల్లోంచి తెచ్చుకునే పిట్టలకు అది దొరకలేదు. గుల్ల ముక్కలు, కోడిగుడ్డు పెంకు ముక్కలు చల్లిన చోట గుడ్లు బాగుపడ్డాయి. అడవిలో సున్నాన్ని మట్టిలోంచి ఎత్తి పిట్ట కడుపు దాకా మోసే కూలీ నత్త. మిణుగురుల సంగతి మన దగ్గరిదే. మిణుగురు లార్వాల్లో చాలా జాతులకు నత్తే ప్రధాన ఆహారం. వాటిలో కొన్ని ఆఫ్రికా నత్తనూ తింటాయి. చెరువు గట్టున మిణుగురులు తగ్గిపోయాయని బాధపడేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ గట్టు మీదే నత్తల మందు గుళికలు చల్లుతున్నామన్న స్పృహ ఉన్నవాళ్లు తక్కువ.

ఇక రైతు. అసలు బరువైన అభ్యంతరం ఇదే, దీన్ని పక్కకు నెట్టి మాట్లాడే హక్కు నాకు లేదు. బొప్పాయి మొక్క మొదలంటా కొరికేసిన నత్త ముందు ఏ కొండ నత్త గురించి చెప్పినా రైతుకు వెటకారంగానే వినిపిస్తుంది. కానీ ఈ రెండు ప్రయోజనాలకూ పోటీ ఉందనుకోవడమే పొరపాటు. ఆఫ్రికా నత్త మీద పనిచేసే పద్ధతుల్లో నమ్మకమైనది ఏరివేత. వాన కురిసిన సాయంత్రాల్లో, తడిపిన గోనెసంచుల కింద క్యాబేజీ, బొప్పాయి ఆకులు పెట్టి, అక్కడ చేరినవాటిని పొద్దున్నే చేతికి తొడుగు వేసుకుని ఏరి, గట్టి ఉప్పునీళ్లలో ముంచి చంపి పాతిపెట్టాలి. తొడుగు తప్పనిసరి, ఎందుకంటే ఈ నత్త ఎలుకల ఊపిరితిత్తుల పురుగును మోస్తుంది, అది మనిషిలో మెదడు పొరల వాపుకు దారితీస్తుంది. ఏరివేతలో కన్ను పనిచేస్తుంది. పొడుగ్గా, కోసుగా, గోధుమ రంగు నిలువు చారలతో ఉన్నది ఆఫ్రికాది. బిళ్లలా చదునుగా నిగనిగలాడేది చాలావరకు మనది. మెటాల్డిహైడ్ అనే నత్తల మందు గుళికకు, మైలుతుత్తం పిచికారికి ఆ కన్ను లేదు. బ్రిటన్ 2022లో మెటాల్డిహైడ్‌ను ఆరుబయట వాడటం నిషేధించింది, పక్షులకూ క్షీరదాలకూ ప్రమాదమని. పంట మడిలో తప్పనిసరై వాడినా, గట్టు దాటి పక్కనున్న తోపులోకి, గుట్ట మీదికి చల్లవద్దని ఒక నియమం పెట్టడం వల్ల రైతుకు పోయేదేమీ లేదు. పరాయి నత్త ఒక పొలం నుంచి ఇంకో పొలానికి వెళ్లేది ఎక్కువగా నర్సరీ మొక్కల మట్టిలో, ఇటుకల లారీల్లో. అక్కడ తనిఖీ పెడితే రైతుకూ మేలు, కొండకూ మేలు. మన నత్తలన్నీ సాధువులని నేను అనడం లేదు. దక్షిణాదిలో సర్వసాధారణమైన క్రిప్టోజోనా వంటివి కూరగాయల మీద పడటమూ ఉంది. పంట తినే దేశీ నత్త ఏదో, బూజు తిని బతికే దేశీ నత్త ఏదో విడదీసి చెప్పడానికైనా పట్టిక కావాలి.

నత్తలకు సున్నం ప్రాణం కనుక సున్నపురాతి గుట్టల విషయం విడిగా చెప్పాలి. మలేసియాలో బుకిత్ పాంచింగ్ అనే గుట్ట ఒక్కదాని మీదే ప్లెక్టోస్టోమా సియాఫిలమ్ అనే అందమైన చిన్న నత్త ఉండేది. గుట్టను రాయి కోసం తవ్వేశారు. గుట్ట లేదు, నత్తా లేదు. అదే దేశంలో 2014లో దొరికిన ఒక కొత్త నత్తకు, అది ఉన్న గుట్టను తవ్వుతున్న సిమెంటు కంపెనీ పేరు మీదే కారోపా లఫార్జీ అని పేరు పెట్టారు. ఇక మన సిమెంటు పటం చూడండి: ఎర్రగుంట్ల, తాండూరు, పల్నాడు, సూర్యాపేట. బెలుం గుహలున్న నంద్యాల నేల, బొర్రా గుహలున్న అరకు లోయ కూడా సున్నపురాతివే. ఈ ప్రాంతాల్లో గనుల కోసం వచ్చే పర్యావరణ ప్రభావ నివేదికలను తెప్పించి, వాటిలో పులి, నెమలి, కొండచిలువల వరస తర్వాత నేలనత్తలు అన్న శీర్షిక ఉందో లేదో మీరే చూడండి.

నిపుణులు లేరు, డబ్బు లేదు అన్న మాట చివరికి వస్తుంది. నిపుణులు తక్కువన్నది నిజం, అయితే మొదటి అడుగుకు నిపుణులు అక్కర్లేదు. జీవవైవిధ్య చట్టం 2002లో వచ్చింది. దాని ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉంది, దాని చేతిలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉంది. జాతీయ హరిత ట్రైబ్యునల్ గడువు పెట్టడంతో 2020 ప్రాంతంలో ఆ రిజిస్టర్లు హడావుడిగా నిండాయి. మన వాడుకలో నత్తకు ఎక్కువగా వినిపించే పేర్లు నత్త, గుల్ల, నత్తగుల్ల. కాబట్టి రిజిస్టర్‌లోనూ ఒక్క పదమే పడుతుంది. ఆ ఒక్క పదాన్ని విప్పమని అడుగుతున్నాను. వానాకాలంలో ఒక ఆదివారం, డిగ్రీ కళాశాల జంతుశాస్త్ర విద్యార్థులు పదిమంది, ఒక జల్లెడ, స్కేలు, ఫోన్ కెమెరా. ఊరి తోపులో రాలిన ఆకును జల్లించి, దొరికిన ఖాళీ గుల్లల్ని కొలిచి, ఫొటో తీసి, చోటు, చెట్టు, తేదీ రాసిపెడితే చాలు. చచ్చిన గుల్ల కూడా సాక్ష్యమే, బతికిన నత్తను చంపనక్కర్లేదు. పేరు పెట్టే పనిని కలకత్తాలోని జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు, విశ్వవిద్యాలయాలకు అప్పగించవచ్చు. ఒక్క చోటే కనిపించే జాతి తేలితే, అంతరించే అంచున ఉన్న జాతిగా ప్రకటించడానికి అదే చట్టంలో 38వ సెక్షన్ ఉంది. ఆ చోటును వారసత్వ స్థలంగా ప్రకటించడానికి 37వ సెక్షన్ ఉంది. అమీన్‌పూర్ చెరువు విషయంలో ఆ సెక్షన్ వాడింది మన తెలుగునేల మీదే.

కాబట్టి మీ తదుపరి సమావేశపు ఎజెండాలో మూడు అంశాలు చేర్చమని కోరుతున్నాను. నత్తలను తినే ఏ పరాయి జీవినీ రెండు రాష్ట్రాల్లో దేనిలోనూ వదలకూడదని తీర్మానం. తోపులు, గుట్టలు, చెరువు గట్ల మీద నత్తల మందు చల్లవద్దని వ్యవసాయ, ఉద్యాన శాఖలకు లేఖ. రిజిస్టర్‌లో నేలనత్తలకు ఒక కొత్త పుట, ఈ నైరుతి రుతుపవనాలు ముగిసేలోగా కనీసం తూర్పు కనుమల మండలాల్లోనూ సున్నపురాతి మండలాల్లోనూ. వానలు తగ్గితే నత్తలు మూతలు వేసుకుని మట్టిలోకి పోతాయి, ఇక వచ్చే జూన్ దాకా బతికిన నత్తలు దొరకడం కష్టం.

ఇట్లు,
మీ రిజిస్టర్లలో ఆ పుట కోసం ఎదురుచూసే ఒక పాఠకుడు